తువ్వాలు కింద చెయ్యి

కంటికి కనపడని సరుకుకి నేను బేరమాడను. దెయ్యాలు, ఆత్మలు, గాలి సోకడం, ఇవన్నీ నా దృష్టిలో శాంపిల్ చూపించకుండా అడ్వాన్సు అడిగే వ్యాపారాలు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే "నువ్వు చూశావా, చూసినవాళ్ళు చెప్పారా?" అని అడిగేదాన్ని. ఎప్పుడూ చూసినవాళ్ళు చెప్పిందే అయ్యేది. కాస్త గట్టిగా నిలదీస్తే, చూసినవాళ్ళని చూసినవాళ్ళు చెప్పింది అని తేలేది. అన్ని చేతులు మారిన సరుకు నాకొద్దు.

అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇది ఎవరో చెప్పింది కాదు. నా కుడి చేతికి జరిగింది. పట్టపగలు, పద్మారావు నగర్‌లో, ఒక రిటైర్డ్ టీచరు గారి హాల్లో, నెత్తిన ఫ్యాన్ తిరుగుతుండగా జరిగింది.

ముందు మా నాన్న గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

నాన్న గుంటూరు వైపు నుంచి పెళ్ళయిన కొత్తలో సికింద్రాబాద్ వచ్చి, మోండా మార్కెట్ వెనక సందులో చింతపండు, ఎండుమిర్చి టోకు దుకాణం పెట్టాడు. మేమిద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, సుధ నా తర్వాతది. నేను బడి అయిపోగానే నేరుగా దుకాణానికి వెళ్ళేదాన్ని. బస్తాల మీద కూర్చుని హోంవర్కు రాసేదాన్ని, తుమ్మేదాన్ని, వచ్చేపోయే గిరాకీల మొహాలు చదివేదాన్ని. సుధ బడి అయిపోగానే ఇంటికి వెళ్ళేది. "చిన్నదానికి ఘాటు పడదు" అనేవాడు నాన్న. నాకు పడుతుందని ఆయనకెవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

టోకు బేరాలు నోటితో జరిగేవి కావు. పక్క దుకాణాల వాళ్ళ చెవులు పొడుగు. అందుకని కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పేవాళ్ళు. కింద వేళ్ళు మాట్లాడుకునేవి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పైన మొహాలు మాత్రం వాన పడేట్టుందని, మీ అబ్బాయి పరీక్ష ఎలా రాశాడని కబుర్లు చెప్పుకునేవి. ఒకసారి బేరం కుదరక చెయ్యి బయటికి తీశాక, అదే సరుకుకి మళ్ళీ తువ్వాలు కప్పకూడదు. అది బజారు మర్యాద. చెయ్యి తీసినవాడు మళ్ళీ వస్తే "వీడికి గతి లేదు" అనుకుంటారు.

నాన్న ఆ విద్య నాకు నేర్పాడు. వేళ్ళ లెక్క బజారంతా తెలిసిందే కానీ, మా ఇద్దరికే తెలిసిన గుర్తులు రెండు ఉండేవి. సరుకు బాగుంది, కొనేద్దాం అనుకుంటే నా అరచేతిలో బొటనవేలితో చిన్న సున్నా చుట్టి మధ్యలో నొక్కేవాడు. దాన్ని 'బొట్టు పెట్టడం' అనేవాడు. సరుకు బాగోలేకపోతే నా చిటికెనవేలు మడిచి అరచేతిలోకి గట్టిగా అదిమేవాడు. దాని పేరు 'తడి'. బరువు పెరగాలని కొందరు చింతపండు మీద నీళ్ళు చిలకరిస్తారు. పైన పొడిగానే ఉంటుంది, లోపలికి చెయ్యి పెడితేనే తెలుస్తుంది. పోనుపోను మా నాన్నకి ఆ మాట అన్నిటికీ పనికొచ్చింది. కొత్త గుమాస్తా అయినా, అరువడిగే చుట్టమైనా, నాకొచ్చిన మొదటి పెళ్ళి సంబంధమైనా, తువ్వాలు కింద నా చిటికెనవేలు మడిచేవాడు. ఆ పెళ్ళికొడుకు ఎదురుగా కూర్చుని జిలేబీ తింటున్నాడు పాపం.

ఇంకొక్క సంగతి. నాన్న కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉండేది. ఎప్పుడో తూకం రాయి పడిందట. మళ్ళీ అతుక్కుంది కానీ మధ్యలో చిన్న గట్టులా మిగిలిపోయింది. తగిలితే గీరుకునేది.

సుధకి ఈ గుర్తులేవీ తెలియవు. దానికి నేర్పలేదు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు, సంగీతం చెప్పించాడు, జడ వేయడం రాకపోయినా వేశాడు. నాకు వచ్చింది తువ్వాలు కింద భాష. అది నా వాటా అనుకున్నాను. దానికి అందని వాటా కాబట్టి కొంచెం ఎక్కువే మురిసిపోయాను కూడా.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఆస్పత్రిలో దుప్పటి కింద ఆయన చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. వేళ్ళతో అడిగేదాన్ని. జవాబు రాలేదు. సుధ వచ్చి నిలబడితే మాత్రం అటు కళ్ళు తిప్పేవాడు. ఆ చూపుకి అర్థమేమీ లేదని డాక్టరు గారు అన్నారు. ఆ మాట నాకెంత హాయినిచ్చిందో ఆయనకి తెలియదు.

ఇప్పుడు ఇంటి సంగతికి వస్తాను.

పెళ్ళిళ్ళయ్యాక సుధ వాళ్ళు నేరేడ్‌మెట్‌లో ఫ్లాట్ కొనుక్కున్నారు. గృహప్రవేశానికి వెండి కుందులు పెట్టి, పులిహోర బాగుందని మెచ్చుకుని, ఇంటికొచ్చి జ్వరం తెచ్చుకున్నాను. మేం పద్మారావు నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. మావారిది ఆఫీసు ఉద్యోగం, నేను ఇంట్లోనే చీరలు అమ్ముతాను. సుధ ఎప్పుడు ఫోన్ చేసినా బాల్కనీలో తులసి బాగా వచ్చిందని చెప్పేది. తులసి బాగా రావడంలో తప్పేముంది? ఏమీ లేదు. అయినా ఫోన్ పెట్టేశాక మా ఇంటి ఓనరు మేకు కొట్టనివ్వని గోడల్ని చూస్తూ కూర్చునేదాన్ని.

యాదగిరి అనే బ్రోకరు ఒక ఎండాకాలం పొద్దున వచ్చి, మాకు రెండు వీధుల అవతల ఒక పాత డాబా ఇల్లు అమ్మకానికుందని చెప్పాడు.

"అక్కా, గిసొంటి ఇల్లు మల్ల దొరకది. టీచరమ్మ ఒక్కతే ఉంటది. బొల్లారంల మేనకోడలి దగ్గరకి పోతదంట. జెర జల్ది చూడు, నా మాటిను."

ఆవిడ పేరు కరుణ టీచరు. క్రిస్టియన్ స్కూల్లో ముప్పై ఏళ్ళ పైన లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చిన్నగా, పొట్టిగా, నాలాగే ఉంటారు. ఇల్లు చూస్తున్నంతసేపూ నేను మొహం మాడ్చుకునే ఉన్నాను. సరుకు నచ్చితే మొహానికి చెప్పకూడదని మా దుకాణం సూత్రం. గేటు కిర్రుమంటోందన్నాను. మెట్లు నిటారుగా ఉన్నాయన్నాను. వరండా గచ్చు పగిలిందన్నాను.

ఆవిడ అన్నీ విని, "నిజమేనమ్మా. బాత్రూం కొళాయి కూడా కారుతుంది. మీరు చూడలేదు" అన్నారు.

ఇలాంటివాళ్ళతో బేరం చాలా కష్టం.

వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద చెయ్యి ఆనించాను. సరిగ్గా నా మోచేతి ఎత్తు. ఇన్నేళ్ళ అద్దె ఇళ్ళలో ఏ గట్టూ నా కొలతకి లేదు. ఎక్కడైనా పీట వేసుకుని నిలబడి పోపు పెట్టినదాన్నే. ఇక్కడ పీట అక్కర్లేదు. ఎదురుగా కిటికీ, కిటికీలోంచి పక్కింటి జామచెట్టు. లోపల ఎవరో "ఇదే" అన్నట్టయింది. పైకి మాత్రం "వంటిల్లు ఇరుకు" అన్నాను.

ఆ తర్వాత చేయాల్సినవన్నీ చేశాను. బీరువాలు జరిపించి వెనక గోడలు తడిమాను. మేడ మీద నీళ్ళు పోయించి కింద సీలింగు చూశాను. కాగితాలు వకీలుకి చూపించాను. ఎక్కడా లోపం లేదు. ఇక ధర ఒక్కటే మిగిలింది.

బేరానికి వెళ్ళిన రోజు సుధని వెంట తీసుకెళ్ళాను. సలహాకి అని చెప్పాను. అసలు సంగతి వేరు. దానిది గాల్లో వేలాడే ఫ్లాటు, నాది నేల మీద ఇల్లు. అది చూడాలి.

మధ్యాహ్నం వేళ. హాల్లో టీపాయ్‌కి అటువైపు టీచరు గారు, ఇటువైపు నేను. సుధ వంటిల్లు చూస్తానని లోపలికి వెళ్ళింది. యాదగిరి గుమ్మంలో చెవులు నిక్కించుకుని నిలబడ్డాడు.

"ఈయన ముందు ధర మాట్లాడడం నాకిష్టం లేదమ్మా. కమీషను లెక్కేసుకుంటూ నిలబడతాడు" అన్నారు టీచరు గారు మెల్లగా.

అప్పుడు నాకు తువ్వాలు బేరం గుర్తొచ్చింది. ఎలా చేస్తారో చెప్పాను. ఆవిడకి భలే నవ్వొచ్చింది.

"ఇదేం పాపం పని కాదు కదా?"

"కాదు టీచరు గారూ, చింతపండు పని."

కుర్చీ మీదున్న తువ్వాలు తీసి ఇచ్చారు. ఆవిడకి కీళ్ళవాతం. వేళ్ళ కణుపులు వాచి ఉండేవి, పూర్తిగా ముడుచుకునేవి కావు. అందుకని, "మీరేం పట్టుకోనక్కర్లేదు. నేను వేళ్ళు పట్టుకుంటాను, మీరు తల ఊపండి చాలు" అన్నాను. తువ్వాలు కింద ఆవిడ చెయ్యి తేలిగ్గా, చల్లగా ఉంది. పట్టుకున్నాను. అడ్డంగా తల ఊపారు. మళ్ళీ పట్టుకున్నాను. ఆలోచించారు. ఇంకొకసారి, ఈసారి వేలు సగం దాకానే పట్టుకున్నాను.

"సరేనమ్మా. అలాగే కానివ్వండి" అన్నారు.

ఎంతకో ఇక్కడ రాయను. నేను ఇవ్వడానికి సిద్ధపడి వచ్చినదానికంటే తక్కువ అని మాత్రం చెప్తాను. లోలోపల పొంగిపోయాను. మొహం మాత్రం, ఏదో మీరింతగా అడిగారు కాబట్టి, అన్నట్టు పెట్టాను.

టీచరు గారు చెయ్యి వెనక్కి తీసుకుని, చల్లారిపోతున్న టీ కప్పు రెండు చేతులతో ఎత్తారు. వేళ్ళు ముడవలేరు కాబట్టి ఆవిడెప్పుడూ కప్పుని రెండు అరచేతుల మధ్య పట్టుకునేవారు. నేనా రెండు చేతులూ చూశాను. కప్పుకి అటొకటి ఇటొకటి.

తువ్వాలు కింద నా చేతిని ఇంకా ఎవరో పట్టుకునే ఉన్నారు.

మొదట నాకు తేడా తెలియలేదు. బేరం కుదిరిన సంతోషంలో ఉన్నాను. తర్వాత ఆ పట్టు బిగిసింది. అది టీచరు గారి చెయ్యి కాదు. వెడల్పుగా, గరుకుగా, వెచ్చగా ఉంది. నా చిటికెనవేలిని వెతుక్కున్నట్టు వచ్చి, మడిచి, అరచేతిలోకి గట్టిగా అదిమింది. అదిమిన బొటనవేలి గోరు నా కణుపు మీద గీరుకుంది. మధ్యలో గట్టు.

నేను తువ్వాలు వైపు చూశాను. దాని కింద ఒక్క చెయ్యి పట్టేంత ఉబ్బే ఉంది. నాది.

ఇక్కడ చింతపండు వాసన గుప్పుమందని రాస్తే బాగుంటుంది. రాలేదు. చలి వెయ్యలేదు, లైట్లు ఆరిపోలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. యాదగిరి ఫోన్‌లో ఇంకెవరికో ఇంకేదో ఇల్లు అంటగడుతున్నాడు. లోపల సుధ కొళాయి తిప్పి చూస్తున్న చప్పుడు వినపడింది.

తువ్వాలు లాగేశాను. నా చెయ్యే ఉంది. చిటికెనవేలు అరచేతిలోకి మడుచుకుని, దాని మీద ఎర్రగా చిన్న గీత.

"వద్దండి" అన్నాను. ఆ మాట నేనన్నానని నాకు విన్నాకే తెలిసింది.

టీచరు గారు కప్పు కింద పెట్టారు. "ధర ఎక్కువైందా అమ్మా?"

"లేదండి."

సుధ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటక్కా? మొహం అలా అయిపోయిందేంటి?"

"లోపల తడి ఉంది" అన్నాను.

యాదగిరి ఫోన్ కట్ చేసి లోపలికొచ్చాడు. "ఏడుంది తడి? అక్కా, ఎండలకు మా నోళ్ళే ఎండిపోతున్నయ్, గోడల ఏడికెల్లి వస్తది తడి? సూపెట్టు!" అంటూ గోడలన్నీ టకటకా కొట్టుకుంటూ తిరిగాడు. నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. ఇంటికి చేరేసరికి వేలి మీద గీత కూడా పోయింది. చూపించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

మావారు నన్ను ఎప్పుడూ కేకలెయ్యరు. ఆ రోజు వేశారు. "ఊరంతా తిరిగి తిరిగి, నువ్వడిగిన ధరకి ఆవిడ ఒప్పుకున్నాక వద్దంటావా? మనిషివేనా?" గోడల్లో తడి ఉందన్నాను. ఆయనా వచ్చి ఆ గోడలు చూసినవారే. వెళ్ళి పడుకున్నారు.

మర్నాటికి నాకే బుద్ధొచ్చింది. నరం పట్టేసి ఉంటుంది అనుకున్నాను. తెలిసిన ఫిజియోథెరపీ ఆయన్ని అడిగితే, మోచేతి దగ్గర నరం నొక్కుకుపోతే చిటికెనవేలు దానంతటదే ముడుచుకోవచ్చని చెప్పాడు. నరానికి చీలిన గోరు ఉంటుందా అని అడగబోయి ఊరుకున్నాను. మళ్ళీ వెళ్ళి టీచరు గారిని అడుగుదామా? కానీ నేను చెయ్యి తీసేశాను. తీసిన చెయ్యి మళ్ళీ పెట్టకూడదు. ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు అనుకుంటూనే, చెప్పుల దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఇలా ఊగుతుండగానే సుధ ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు వద్దనుకున్నావు కదా ఆ ఇల్లు... మేం అడగచ్చా? ఈయనకి ఫ్లాట్‌లో ఊపిరాడట్లేదంట. నీకేమాత్రం కష్టంగా ఉన్నా చెప్పు, ఇంకా ఆ మాటే ఎత్తను."

ఇంత మంచిగా అడిగేవాళ్ళని ఏం చేయాలి?

"నాకెందుకే కష్టం? కాకపోతే తడి ఉంది, చూసుకో" అన్నాను.

"ఉంటే వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తాంలే అక్కా."

నేరేడ్‌మెట్ ఫ్లాట్ ఇట్టే అమ్ముడుపోయింది. ఆ ఇల్లు వాళ్ళదైంది. మళ్ళీ గృహప్రవేశం, మళ్ళీ పులిహోర. కుందులు ఇదివరకే ఇచ్చేశాను కాబట్టి ఈసారి వెండి పళ్ళెం.

ఇక అప్పట్నుంచి వానల కోసం ఎదురుచూశాను. ఏ రైతూ అంతగా చూసి ఉండడు. ఆ ఏడు వానలు నా తరఫున వాదించడానికి వస్తున్నట్టే అనిపించింది. ముసురు పట్టగానే వేడివేడి మిర్చిబజ్జీలు కట్టించుకుని గొడుగేసుకుని సుధ ఇంటికి వెళ్ళేదాన్ని. "ఇంత వానలో ఎందుకొచ్చావక్కా" అని అది కంగారుపడుతూ బజ్జీలు పళ్ళెంలో పెట్టేలోపు, ఒక్కో గోడకీ అరచెయ్యి ఆనించేదాన్ని. హాలు గోడ. పడగ్గది గోడ. బీరువా పక్క సందులో చెయ్యి దూర్చి వెనక గోడ. అప్పడాల డబ్బా అంత పొడిగా ఉంది. వాటర్‌ప్రూఫింగ్ చేయించారా అని అడిగితే, "మేస్త్రీ చూసి అవసరమే లేదన్నాడక్కా" అంది. అదే ముసురులో మా అద్దింటి సీలింగు కారి నా పట్టుచీరల మూట తడిసింది.

నాన్న మీద కోపమొచ్చింది. చింతపండు విషయంలో ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. మరి ఇదేంటి? ఆ ఇంట్లో సుధకి ఏ కీడూ జరగలేదు. పైగా అన్నీ కలిసొచ్చాయి. మరిదికి ప్రమోషను. సుధ సంగీతం క్లాసు పెడితే వరండా నిండా పిల్లలు. ఆ వరండా గచ్చు పగిలిందని నేనే వంక పెట్టాను. మరి నన్ను మాత్రం వద్దు, వదిలెయ్ అని ఆయన చెప్పింది దేనికి? ఆలోచించగా ఆలోచించగా నాకు తట్టింది ఒక్కటే. నేను వదిలేస్తే కదా ఆ ఇల్లు సుధకి దక్కేది. బతికున్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది చాలక, పోయాక కూడా వచ్చి నా వేలు మడిచాడు.

ఈ మాట ఎవరితోనూ అనలేదు. దెయ్యాన్ని చూశానంటే జాలిపడతారు. చెల్లెలి మీద అసూయతో దెయ్యానికి కూడా పక్షపాతం అంటగడుతున్నానంటే నవ్వుతారు.

తర్వాత ఒక రోజు వెళ్ళేసరికి వంటింట్లో మేస్త్రీ పని అయిపోయి ఉంది. సుధ పొడగరి. గట్టు కిందికి ఉండి నడుం నొప్పి పుడుతోందని పైన గ్రానైటు వేయించి ఎత్తు పెంచింది. నేను దాని ముందు నిలబడ్డాను. నా భుజం దాకా వచ్చినట్టనిపించింది. అంత రాలేదులెండి, కానీ అనిపించింది.

సుధ ఉల్లిపాయలు తరుగుతూ, "నీ తువ్వాలు బేరం టీచరు గారికి ఎంత నచ్చిందో అక్కా. మేం వెళ్ళినప్పుడు కూడా అలాగే చేద్దామన్నారు. నాకేం వచ్చు? తువ్వాలు కప్పుకుని చెయ్యి పెట్టుకుని బొమ్మలా కూర్చున్నా" అంది.

"మరి ధర?"

"అదేదో ఆవిడే చెప్పారు. కానీ చెప్పేముందు ఆవిడ నా చేతిలో ఇలా చేశారు" అంటూ కత్తి పక్కన పెట్టి, నా చెయ్యి తీసుకుని, అరచేతిలో బొటనవేలితో చిన్న సున్నా చుట్టింది. మధ్యలో నొక్కింది.

నేను చెయ్యి లాక్కోలేదు. లాక్కోవాలని కూడా తోచలేదు.

"ఎందుకలా చేశారో మరి. చక్కిలిగిలి పెట్టింది. గోరు కాస్త గరుకుగా తగిలింది. పాపం, పెద్దావిడ కదా" అంది సుధ.

"ఏ వేలు?"

"బొటనవేలు. ఏం?"

దాన్ని పరీక్షించాలనిపించింది. చిన్నప్పుడు ఎప్పుడో చాటుగా చూసి ఉండొచ్చు, మర్చిపోయి ఉండొచ్చు. దాని మొహంలోకే చూస్తూ, "బొట్టు" అన్నాను.

సుధ గబుక్కున నుదురు తడుముకుంది. "చెరిగిందా? ఈ చెమటకి నిలవదక్కా."

దానికి తెలియదు. దానికి ఆ గుర్తు తెలియదు.

ఆ వారమే బొల్లారం వెళ్ళాను. టీచరు గారు మేనకోడలి ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు, వేళ్ళు ఇదివరకటికంటే బిగుసుకుపోయాయి. నన్ను గుర్తుపట్టారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, మా చెల్లెలితో బేరమైన రోజు తన చేతిలో ఏదో గుర్తు పెట్టారట కదా అని అడిగాను.

"చెయ్యా? నేను పెట్టలేదమ్మా. ఆ వారం నొప్పితో ప్రాణం పోయింది. తువ్వాలు కప్పుకోమన్నాను, సరదాకి. నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. నోటితోనే చెప్పాను." నవ్వారు. "మంచి పిల్లమ్మా. ఒక్క మాట బేరమాడలేదు. పాపం దీనికి బేరం రాదని, మీకు చెప్పినదాని మీద నేనే ఇంకొంచెం తగ్గించాను."

ఆ ఇంటి నుంచి బయటపడుతుంటే మేనకోడలు గేటు దాకా వచ్చి, "ఈ మధ్య ఆంటీకి అన్నీ కలగాపులగం అయిపోతున్నాయండీ. దేవుడి దయవల్ల మనుషుల్నైతే గుర్తుపడుతున్నారు" అంది. కాబట్టి ఆవిడ సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలియదు. ధర తగ్గించిన సంగతి మాత్రం సుధని అడిగి తేల్చుకున్నాను. అది నిజం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది నాన్న చెయ్యి గురించో, ఆ తగ్గింపు గురించో నిజాయితీగా చెప్పలేను.

తెలిసినది తెలిసినట్టు రాశాను. నాకు జరిగింది నరం పట్టేయడం కావచ్చు. సుధకి జరిగింది టీచరు గారు చేసి మర్చిపోయినది కావచ్చు. మడవలేని వేలితో సున్నా ఎలా చుట్టారంటే, ఒక్కోరోజు నొప్పి తగ్గుతుందేమో. విడివిడిగా చూస్తే రెండింటికీ జవాబులున్నాయి. రెండూ ఒకే ఇంట్లో, ఒకే తువ్వాలు కింద, నాన్నకీ నాకూ మాత్రమే తెలిసిన రెండు గుర్తులై ఎలా వచ్చాయన్నదానికి నా దగ్గర జవాబు లేదు. చాలాసార్లు మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు ఒళ్ళో తువ్వాలు వేసుకుని, కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ పట్టుకోలేదు.

సుధకి చెప్పలేదు. దానికి ఇల్లుంది, గట్టుంది, తగ్గింపు ధర ఉంది. ఆ రోజు దాని చేతిలో పెట్టినదేంటో దానికి తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకున్న వాటా అది.

మొన్న మళ్ళీ ముసురు పట్టింది. బజ్జీల పొట్లంతో వెళ్ళాను. సుధ లోపలికెళ్ళగానే అలవాటుగా హాలు గోడకి అరచెయ్యి ఆనించాను. ఈసారి త్వరగా తీయలేదు. టీచరు గారు, నేనూ కూర్చున్న చోటు అదే. కళ్ళు మూసుకుని చిటికెనవేలు దగ్గర ఏమైనా తెలుస్తుందేమోనని నిలబడ్డాను.

"ఏంటక్కా, వచ్చినప్పుడల్లా గోడ పట్టుకుంటావు? కళ్ళు తిరుగుతున్నాయా? బీపీ చూపించుకున్నావా అసలు?" సుధ మజ్జిగ గ్లాసుతో పరుగెత్తుకొచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

చెయ్యి తీసిన చోట గోడ మీద నా అరచెయ్యి అచ్చు పడి ఉంది. అయిదు వేళ్ళూ, తడిగా. సుధ గాభరాగా "అయ్యో, తడొచ్చిందే!" అంటూ కొంగుతో తుడిచింది. తుడిచి, వేలితో తాకి చూసి, "కాదులే. గోడ పొడిగానే ఉంది. నీ చెయ్యే చెమట పట్టింది" అంది.

నాన్న ఆ రోజు చెప్పిన తడి ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.